ఫోన్ పట్టే చెయ్యి

ఆయన పోయిన సంగతి నాకు ఫోన్‌లోనే తెలిసింది. పొద్దున చాయ్ తాగుతూ స్టేటస్‌లు ఒక్కొక్కటే జరుపుతున్నాను. వాళ్ల ఊరి పిల్లగాడొకడు పెట్టిన వీడియో వచ్చింది. మధ్యలో ఆయన ఫొటో. పైనుంచి గులాబీ రేకులు రాలుతున్నాయి. వెనక ఏదో ఏడుపు రాగం. ముఖం మీది ముడతలన్నీ ఎవరో చెరిపేశారు. నల్లటి మనిషి గోధుమ రంగుకు తిరిగాడు. పేరు చదివితే గాని ఆయనని పోల్చుకోలేకపోయాను.

బతికుంటే ఆయనే అడిగేవాడు, "గీయనెవలురా, సినిమాల మామ లెక్కున్నడు?" అని.

మంథని బస్సు దిగి ఆటోలో పోతే వచ్చే ఊరు ఆయనది. మా చిన్నమ్మను ఆ ఊరికే ఇచ్చారు. ఆ వరుసన ఆయనను నేను కాకా అనేవాణ్ని. నేనే కాదు, మస్కట్‌లో, దుబాయిలో, ఇంకా నోరు తిరగని పేర్ల ఊళ్లల్లో ఉన్న ఆ ఊరి పిల్లలందరికీ ఆయన కాకానే. ఎందుకంటే ఊర్లో ఎవరు చనిపోయినా, కొడుకు గల్ఫ్‌లో ఉంటే, ఆ కొడుక్కు చూపించడానికి ఫోన్ పట్టుకునేది ఆయన.

ఇది ఎవరో అప్పజెప్పిన పని కాదు. డప్పుకు ఒకరు, పాడె కట్టడానికి ఒకరు ఉన్నట్టు, వీడియో కాల్ వచ్చాక ఆ ఊర్లో ఫోన్ పట్టడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. అయినవాళ్లు పడితే ఏడుపుతో చెయ్యి ఊగుతుంది. పడుచు పిల్లలు పడితే మధ్యలో తమ మొఖం చూసుకుంటారు. కాకా చెయ్యి మాత్రం గోడకు కొట్టిన మేకులా ఉండేది. పట్టే ముందు భుజం మీది తువ్వాలతో కెమెరా కన్ను తుడిచేవాడు. తర్వాత ఫోన్‌లోని పిల్లవానితో మెల్లగా అనేవాడు: "కొడుకా, చూపిస్తున్న. జర గుండె గట్టి చేసుకో. చూడలేకపోతే చెప్పు, తిప్పుత. గని లేనిది చూపియ్య, ఉన్నది దాయ."

గోదావరి ఒడ్డున సిగ్నల్ అంతంత మాత్రం. ఇసుక మేట మీద ఎక్కడ నిలబడితే అందుతుందో వెతుక్కుని, పాడె మోసేవాళ్లను కూడా అటే నడిపించేవాడు. "గిటు రాండ్రి, గిటు. పిల్లగానికి అందుతలేదు" అని ఆయన అంటే, పాడె కింద భుజాలు నొస్తున్నవాళ్లు కూడా ఎదురుచెప్పకుండా తిరిగేవాళ్లు.

అన్నింటికన్నా నాకు బాగా గుర్తున్నది దింపుడు కల్లం. దారి మధ్యలో పాడె దించి, చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు కదా, లేస్తారేమోనన్న చివరి ఆశతో. పిలవవలసిన కొడుకు మస్కట్‌లో ఉంటాడు. కాకా మోకాళ్ల మీద కూర్చుని, స్పీకర్ పెంచి, ఫోన్‌ను శవం చెవికి ఆనించేవాడు. దాంట్లోంచి "బాపూ... బాపూ..." అని వినిపించేది. ఎండలో నిలబడ్డ జనమంతా తల వంచుకునేవాళ్లు.

ఒకసారి తిరిగి వస్తుంటే అడిగాను.

"లేనిది చూపియ్యనంటవు గదా కాకా. మరి గిదేంది? వినడని తెలిసి చెవుల ఫోన్ పెడ్తవు?"

"వినడని నాకెరుకే, వానికెరుకే. ఎరుకై పిలిస్తే అది మోసమెట్లయితది కొడుకా?" అన్నాడు. కొంచెం నడిచాక మళ్లీ అన్నాడు. "ఎరుక లేకుంట పిలిపిస్తరు సూడు, గదీ మోసం."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఆయన పడుచుతనంలో మస్కట్‌లో తాపీ పని చేశాడు. అప్పుడు ఊరికి ఫోన్ లేదు. మాటలు క్యాసెట్‌లో నింపి, ఊరికి వచ్చేవాళ్లతో పంపేవాళ్లు. అలాంటి రోజుల్లో వాళ్ల బాపు పోయాడు. గల్ఫ్‌లో ఉన్నవానికి చావు కబురు చెప్పకూడదన్నది అప్పట్లో మా వైపు అందరూ పాటించిన దయ. వాడు అక్కడ పరేషాన్ అవుతాడు, మధ్యలో రాలేడు, చెప్పి ఏం లాభం? ఈయనకూ చెప్పలేదు. ఈయన బాపును పలకరిస్తూ క్యాసెట్ నింపి పంపితే, వాళ్ల అవ్వ జవాబు నింపి పంపేది. "మీ బాపు పొలం కాడికి పోయిండు కొడుకా. రాంగనే చెప్త." తర్వాతి క్యాసెట్‌లో కూడా పొలం దగ్గరే. ఆ తర్వాతి దాంట్లో కూడా.

"యాడాది పొద్దు మా బాపు పొలం దిక్కెళ్లి ఇంటికి రాకపాయె" అని కాకా నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వు చూడలేక మేము వేరే దిక్కు చూసేవాళ్లం.

సెలవు మీద వచ్చినప్పుడు బాపు కోసం ఒక మెత్తటి దుప్పటి తెచ్చాడు. బస్సు దిగి వాకిట్లోకి వచ్చేసరికి అవ్వ ఎదురొచ్చింది, నొసట బొట్టు లేకుండా. ఎవరూ ఏమీ చెప్పే అవసరం లేకపోయింది. దుప్పటి సంచిలోంచి తియ్యనే లేదట.

"మీ అవ్వ మీద కోపం రాలేదా?" అని అడిగాను.

"రాకేం. ఆమె పొయ్యేదాక ఉండె." చుట్ట ఆరిపోతే మళ్లీ వెలిగించుకున్నాడు. "గని నిజం చెప్పాలె గద. ఆ యాడాది నేను మంచిగ నిద్రపోయిన."

అబద్ధాన్ని అంతగా అసహ్యించుకునే మనిషి, దాని కింద హాయిగా పడుకున్న రోజులను కూడా దాచలేదు. ఆయన మీద నాకున్న గౌరవమంతా ఆ ఒక్క మాటతో వచ్చింది.

మనిషిలో వింతలు లేకపోలేదు. చేతి గడియారం ఎన్నేళ్లయినా మస్కట్ టైమే చూపించేది. మన కన్నా గంటన్నర వెనుక. తెలియక టైం అడిగినవాళ్లు బస్సు పోగొట్టుకునేవాళ్లు. "ఈయన పెయ్యి ఈడ, పానం ఆడ" అని, ఒళ్లు మాత్రమే ఊర్లో ఉందని, భార్య తిట్టేది. ఆయన మాత్రం గడియారం చూసుకుని, "ఇప్పుడు పోరగాండ్లు డ్యూటీకి లేస్తుంటరు" అని తనలో తాను అనుకునేవాడు. కల్లు తాగడు గాని కల్లు దగ్గర జరిగే ముచ్చట కోసం పోయి కూర్చునేవాడు. పెళ్లిలో ఫోన్ పట్టమంటే ససేమిరా పట్టడు. "పెండ్లిల అందరు నవ్వుతరు. నవ్వేటోళ్లకు నేనెందుకు?"

ఇంకొక అలవాటు ఉండేది, అది గల్ఫ్ పిల్లలకు మింగుడు పడేది కాదు. ఎవరింట్లోనైనా కూర్చున్నప్పుడు అక్కడి నుంచి కొడుకు వీడియో కాల్ చేస్తే, అందరూ మాట్లాడాక ఈయన ఫోన్ అందుకునేవాడు.

"మొఖం చూసిన బిడ్డా, మంచిగున్నది. ఇగ నీ మంచం చూపియ్యి."

"మంచమెందుకే కాకా!"

"చూపియ్యిరా, నేనేమన్న దాని మీద పండుతనా. చెప్పులు గూడ చూపియ్యి."

ఒక తల్లి, కొడుకు ఏసీ గదిలో ఒక్కడే ఉంటాడని ఊరంతా చెప్పుకుని మురిసేది. వాడు ఎప్పుడూ ఏదో పెద్ద హోటల్ ముందర, ఎవరిదో కారుకు ఆనుకుని మాట్లాడేవాడు. కాకా వదలలేదు. వాడు గుణుక్కుంటూ గదిలోకి నడిచి ఫోన్ తిప్పాడు. ఒకదాని మీద ఒకటి మంచాలు. తాడు మీద లుంగీలు. కింద పొయ్యి, ఉల్లిగడ్డల సంచి. తల్లి నోటి మీద కొంగు పెట్టుకుంది. కాకా మాత్రం తొందరపడలేదు. చాలాసేపు చూసి అన్నాడు. "కిటికి పక్క మంచం దొరికింది. నసీబున్నోడివిరా. నాకైతే తలుపు కాడ దొరికింది, రాత్రంత తొక్కుకుంట పోయేటోళ్లు."

అది నిజం. కిటికీ ఉంది. అబద్ధం చెప్పి ఓదార్చడం ఆయనకు చేతకాదు. ఉన్నవాటిలోంచి ఒక మంచి నిజాన్ని ఏరి చేతిలో పెట్టేవాడు. ఆ రోజు దాకా ఆ తల్లీ కొడుకుల మాటలు "తిన్నవా", "తిన్న", "బాగున్నవా", "బాగున్న" దగ్గరే ఆగిపోయేవి. ఆ తర్వాత ఆమె "దోమలున్నయా? పొయ్యి మీద ఇయ్యాల ఎవని వంతు?" అని అడగడం మొదలుపెట్టింది. వాళ్లకు మాట్లాడుకోవడానికి ఒక గది దొరికింది.

"ఫోన్ల ఎవ్వడు ఈపు చూపియ్యడు" అనేవాడు కాకా. పత్రికలో ఇన్నేళ్లు పని చేసినవాణ్ని, మాటలు అమ్ముకుని బతికినవాణ్ని, నాకు ఇంత కన్నా పొట్టి వాక్యంలో ఈ కాలాన్ని చెప్పడం చేతకాలేదు. ఇప్పుడు మనం ఒకరినొకరం చూసుకుంటున్నంతగా ఏ కాలపు మనుషులూ చూసుకుని ఉండరు. లేచిన దగ్గర నుంచి చూపులే. ఎవరు ఏం తిన్నారో, ఏ కొండ ఎక్కారో, ఎవరి చేతిలో ఏ కేకు ముక్క ఉందో తెలుసు. పక్కింటాయన మోకాలు నొప్పి మాత్రం తెలియదు. మునుపటివాళ్లు తెలియక భ్రమలో బతికారు. మనం తెలిసి, దీపాలు సర్దుకుని, మంచి కోణం చూసుకుని బతుకుతున్నాం. అది కాకాకు నచ్చేది కాదు. అయినా ఆయన నోట ఉపన్యాసం ఎన్నడూ వినలేదు. మంచం చూపియ్యి అనేవాడు, అంతే.

మా చిన్నమ్మ మంచాన పడ్డప్పుడు కాకాకు పెద్ద పరీక్ష వచ్చింది.

మూత్రపిండాలు పోయాయి. కరీంనగర్ దవాఖానలో, ఇక ఇంటికి తీసుకుపోయి మంచిగా చూసుకోమన్నారు. చిన్నమ్మకు ఇద్దరే పిల్లలు. బిడ్డ సరోజన అత్తగారింటి నుంచి వచ్చి తల్లి దగ్గర ఉంది. కొడుకు శ్రీను మస్కట్‌లో. ఎండలో ఇటుకలు మోసిన పిల్లగాడు ఎన్నో ఏళ్లకు డ్రైవర్ అయ్యాడు. కొత్త యజమాని ముందే చెప్పాడట, ఇప్పట్లో సెలవు లేదు, పోతే మళ్లీ రావద్దని. చిన్నమ్మకు అన్నీ తెలుసు, తను పోతున్నదీ తెలుసు. తెలిసే మా అందరి చేతా ఒట్టు పెట్టించుకుంది. ఒక్కొక్కరం ఆమె తల మీద చెయ్యి పెట్టి, శ్రీనుకు ఒక్క మాట కూడా చెప్పబోమని ప్రమాణం చేశాం. కాకా వంతు కూడా వచ్చింది.

"వదినె, నాతోని కాదు" అన్నాడు.

"ఎట్ల కాదయ్యా? సచ్చేటిదాన్ని నేను, నొప్పి నాది, కొడుకు నావోడు. నడుమ నీకేంది?"

"వానికి ఎరుక కావద్దా?"

"ఎరుకైతే ఉరికొస్తడు. వచ్చి ఏం జేస్తడు? నా మొఖం చూస్తడు, ఉన్న నౌకరి పోతది. నా ఒక్కదాని సావుతోని వాని బతుకంత సెడగొట్టాల్నా? పెట్టు చెయ్యి."

కాకా భుజం మీది తువ్వాలతో చెయ్యి తుడుచుకున్నాడు. తర్వాత చెయ్యి పెట్టాడు. "ఒక్క మాట చెప్ప" అన్నాడు.

ఆ మధ్యాహ్నం శ్రీను ఫోన్ చేసే వేళ. చిన్నమ్మ తయారైన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందర ఉంది. సరోజన చేత తల దువ్వించుకుంది. పసుపు రంగు చీర పైకి కప్పించుకుంది. వెనక దిండ్లు పెట్టించుకుంది. పౌడర్ రాయమంది. సరోజన ఏడుస్తూ రాస్తుంటే, "కండ్లనీళ్లు నా మొఖం మీద పడుతున్నయి, అవతలికి పో" అని కసిరింది. ఫోన్ తన చేతిలో నిలవదు. "నువ్వు పట్టయ్యా మరిదీ. మెడ కాడికే రావాలె. కిందికి దించకు."

కాకా తువ్వాలతో ఫోన్ తుడిచి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని పట్టుకున్నాడు. దించలేదు.

ఆ గొంతు ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. పొద్దున నీళ్లు అడగడానికి సత్తువ లేని మనిషి కొడుకుతో వాదులాట పెట్టుకుంది. గడ్డం ఎందుకు పెంచావు, సాయబు లెక్క ఉన్నవు అంది. మక్క చేన్లో పందులు పడ్డాయని, వాని అక్క మొద్దుదని, నిన్న తలకాయ కూర తిన్నానని చెప్పింది. వాడు పగలబడి నవ్వాడు. "అవ్వా, నువ్వు నా కన్న మంచిగున్నవే" అన్నాడు.

"మరేమనుకున్నవ్? ఇంకో పదేండ్లు నీకు ఫికరు లేదు. పో, డ్యూటీకి పో. ఉంట బిడ్డా."

ఉంట బిడ్డా అన్నప్పుడు ఆమె గొంతు ఒక్క వెంట్రుక మందం కూడా మారలేదు. మాట అయిపోయిందనడానికి చెయ్యి ఊపింది. కళ్లు మూసుకుని దిండ్ల మీదికి జారిపోయింది.

కాకా ఫోన్ తీసుకుని లేచాడు. కాల్ ఇంకా కట్ కాలేదు. నేను కాళ్ల వైపు నిలబడి ఉన్నాను. చిన్నమ్మ పాదాలు బట్ట తగిలినా ఓర్చుకోలేకపోయేవి, అందుకని కప్పలేదు. నీరు పట్టి, చర్మం మెరుస్తూ, వేళ్లు లోపలికి కూరుకుపోయి ఉన్నాయి. కాకా ఆ పాదాల పక్క నుంచి నడుస్తుంటే చేతిలోని ఫోన్ కిందికి వంగింది. ఒక్క ఊపిరి సేపు అక్కడే ఆగింది. తర్వాత బొటనవేలితో కాల్ కట్ చేశాడు.

"కట్ చేసినవా?" అంది చిన్నమ్మ, కళ్లు తెరవకుండానే.

"చేసిన వదినె."

నేను ఆయన వెంట వాకిట్లోకి పోయాను. "కాకా, చెయ్యి జారిందా?" అన్నాను.

నా వైపు చూడలేదు. "ముసలోన్ని అయితున్న కొడుకా" అన్నాడు. చుట్ట వెలిగించుకోబోతే అగ్గిపుల్ల నిలవలేదు. నేను గీసి ఇచ్చాను.

ఆ తర్వాత శ్రీను ఫోన్ చెయ్యలేదు. మేము చేస్తే ఎత్తలేదు. కాకా పొద్దున్నే వచ్చేవాడు, గుమ్మంలో నిలబడి "ఫోనొచ్చిందా?" అని సరోజనను అడిగేవాడు. లేదంటే అరుగు మీద కూర్చునేవాడు. "వాడు రాకుంటే వానికి నా బతుకే అయితది. వస్తే వదినె అన్నదే అయితది. ఏదైనా నా చేతుల మీదనే" అన్నాడు నాతో. ఓదార్చడానికి నాకు ఒక్క నిజం కూడా దొరకలేదు. ఆ విద్య ఆయనదే.

ఉద్యోగం సంగతి చిన్నమ్మ చెప్పినట్టే అయింది. శ్రీను మళ్లీ మస్కట్ పోలేకపోయాడు. ఇప్పుడు మంథనిలో బడి పిల్లల వ్యాను నడుపుతున్నాడు. మొన్న కాకా దినాలప్పుడు అడిగాను, బాధగా లేదా అని. "ఉంటదన్నా. తోటోళ్లు ఇండ్లు కట్టుకుంటుంటే రోజూ ఉంటది" అన్నాడు. ఇంకేదో అనబోయి, వ్యానుకు టైం అవుతోందని లేచాడు. ఆ పాదాలు చూపించినందుకు కాకాను వాడు ఏమైనా అన్నాడో, దండం పెట్టాడో నాకు తెలియదు. అడగలేదు.

నాకు తెలిసినదల్లా వాడు తిరిగొచ్చిన రోజు సాయంత్రం సంగతే. శ్రీను పొద్దున బస్సుకు దిగాడు. అదే పెరిగిన గడ్డం. తల్లి వాణ్ని చూసింది. ముందుగా చేసిన పని, పక్కనున్న దుప్పటి గుంజి, అంత నొప్పిలోనూ పాదాల మీద కప్పుకోవడం. ఎవరు చెప్పారని అడిగింది. ఎవరూ చెప్పలేదు అన్నాడు. పగలంతా గోడ వైపు తిరిగి పడుకుంది. శ్రీను మంచం కింద కూర్చున్నాడు.

పొద్దు గూకే ముందు కాకా వచ్చాడు. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడ్డాడు. ఆ అడుగుల చప్పుడుకు చిన్నమ్మ ఇటు తిరిగింది.

"నీ చెయ్యి ఇరగ!" అంది. "ఒట్టేసి గీ పని జేస్తవా? నా కొడుకు నోటికాడి బుక్క గుంజినవ్ గదయ్యా."

కాకా తల దించుకున్నాడు. "నేను ఒక్క మాట చెప్పలే వదినె."

"చెప్పలే. ఎరుకే. పెద్ద సత్తెవంతుడివి."

అలిసిపోయి ఆగింది. పెరట్లో సరోజన గిన్నెలు తోమే చప్పుడు వస్తోంది. చిన్నమ్మ కొడుకు వైపు చూసింది. వాడు దుప్పటి వైపే చూస్తున్నాడు. ఆమె చెయ్యి మెల్లగా కిందికి పోయి దుప్పటి అంచు పట్టుకుంది. కొంచెం కొంచెంగా లాగి, పాదాలు బయట పెట్టింది. వాటిని వాని ఒడి వైపు జరపడానికి చూసింది, జరగలేదు. శ్రీనే దగ్గరికి జరిగాడు.

"చూసినవ్ గదా, ఇగ దాసిపెట్టుడెందుకు" అంది. "మెల్లగ ఒత్తు. గట్టిగ పట్టకు, నొస్తది."